పేటెంట్ నంబరు 2,292,387: హెడీ లమార్ ఫైలు

1942 ఆగస్టు 11న అమెరికా పేటెంట్ ఆఫీసు 2,292,387 నంబరుతో ఒక పేటెంట్ ఇచ్చింది. శీర్షిక ‘సీక్రెట్ కమ్యూనికేషన్ సిస్టమ్’. ఆవిష్కర్తలు ఇద్దరు: హెడీ కీస్లర్ మార్కీ, జార్జ్ ఆంథైల్. కీస్లర్ ఆమె పుట్టింటి పేరు. మార్కీ రెండో భర్త ఇంటిపేరు, పేటెంట్ చేతికొచ్చేసరికి ఆయనతో విడాకులు కూడా అయిపోయాయి. హాలీవుడ్ సినిమా పోస్టర్ల మీద ఆమెకు వేసే పేరు హెడీ లమార్. ఆ పేరు ఈ కాగితంలో ఎంత వెతికినా దొరకదు.

పేటెంట్ దరఖాస్తులు రాయడం నా వృత్తి. కొత్తగా చేరిన జూనియర్లకి క్లెయిములు, అంటే హక్కు ఎంతవరకో చెప్పే వాక్యాలు, చదవడం నేర్పేటప్పుడు ఈ పేటెంట్‌ను ముందు పెడతాను. పేజీలు తక్కువ, భాష సూటిగా ఉంటుంది, బొమ్మలు చూస్తే యంత్రం అర్థమైపోతుంది. పైగా దీని గురించి వాళ్లు ముందే వాట్సాప్‌లో ఏదో ఒకటి చదివి ఉంటారు. “వైఫై కనిపెట్టింది ఈవిడే కదండీ, డబ్బులు ఎగ్గొట్టారట కదా” అంటారు. ఫైలు తెరిచాక ఈ మాటలో మొదటి సగం నిలబడదు. రెండో సగం నిలబడాలంటే చాలా రుజువు చేయాలి.

ఈ కేసు మీద నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. ఈమె దగ్గర అమ్ముకోగలిగిన ఆస్తులు రెండు: మొహం, బుర్ర. మొహానికి సంబంధించిన కాగితాలన్నీ పద్ధెనిమిదో ఏటి నుంచీ వేరేవాళ్లే రాశారు. బుర్రకు సంబంధించిన కాగితం మాత్రం ఆమె తన పేరు మీదే, చక్కగా రాయించుకుంది. కానీ ఆ సరుకు కొనగలిగిన పార్టీ ఒక్కటే, ఆ పార్టీ వద్దంది. ఆమె నష్టం ఎక్కడ మొదలైందో చూడాలంటే పేటెంట్ కంటే చాలా వెనక్కి వెళ్లాలి.

వియన్నా

హెడ్విగ్ ఎవా మరియా కీస్లర్ 1914 నవంబరు 9న వియన్నాలో పుట్టింది. తండ్రి ఎమిల్ బ్యాంకు డైరెక్టరు. తల్లి గెర్‌ట్రూడ్ పియానో వాయించేది. ఇద్దరివీ యూదు కుటుంబాలు, తల్లి క్యాథలిక్ మతంలోకి మారింది. తండ్రి తనను నడకకు తీసుకెళ్లి దారిలో కనిపించిన యంత్రాలు ఎలా పనిచేస్తాయో విడమరిచి చెప్పేవాడని హెడీ పెద్దయ్యాక గుర్తు చేసుకునేది. టీనేజీలోనే వియన్నాలోని సాషా ఫిల్మ్ స్టూడియోలో స్క్రిప్ట్ గర్ల్‌గా చేరి, చిన్న వేషాలు వేసి, తర్వాత నాటక దర్శకుడు మాక్స్ రైన్‌హార్ట్ దగ్గర నాటకాల్లో పనిచేసింది.

1933లో ‘ఎక్‌స్టసీ’ అనే చెక్ సినిమా వచ్చింది. దర్శకుడు గుస్తావ్ మహతీ. అందులో ఆమె నగ్నంగా ఈదే దృశ్యం ఉంది, శృంగారంలో మొహాన్ని దగ్గరగా చూపించిన షాట్ ఉంది. అప్పటి లెక్కలో అది మామూలు గొడవ కాదు. అమెరికాలో 1935లో కస్టమ్స్ వాళ్లు ప్రింటునే అడ్డుకున్నారు. కెమెరా చాలా దూరంలో ఉంటుందని తనకు చెప్పారనీ, తీసింది వేరనీ ఆమె తర్వాత చెప్పుకొచ్చింది. నిజం ఏదైనా, ఆ షాట్ల మీద ఆమెకు ఎలాంటి అదుపూ లేదు. ఇక జీవితాంతం ఏ కొత్త ఒప్పందానికి కూర్చున్నా ఆ సినిమా కూడా వచ్చి బల్లకి అవతలి పక్కన కూర్చునేది.

అదే ఏడాది ఆగస్టులో ఫ్రిట్జ్ మాండ్ల్‌ను పెళ్లి చేసుకుంది. హిర్టెన్‌బర్గ్ తూటాల ఫ్యాక్టరీ యజమాని, ఐరోపాలో పేరున్న ఆయుధ వ్యాపారి. భార్యను నటన మాన్పించాడు. ‘ఎక్‌స్టసీ’ ప్రింట్లు ఎక్కడ దొరికితే అక్కడ కొని నాశనం చేయాలని చూశాడు. ఇది మా వృత్తిలోవాళ్లకి నవ్వొచ్చే విషయం. నెగటివ్ నిర్మాత దగ్గరుండగా ప్రింట్లు కొంటూ పోతే కొనేవాడి జేబు ఖాళీ అవుతుందే తప్ప సినిమా ఆగదు. ఆగలేదు కూడా.

మాండ్ల్ ఇంట్లో విందులకు వచ్చేవాళ్లలో సైన్యాధికారులు, ఆయుధాల ఇంజనీర్లు ఉండేవాళ్లు. ఆమె పక్కన అలంకారంగా కూర్చుని అన్నీ వినేది. తర్వాత టార్పెడోల గురించి, అంటే నీళ్లలో దూసుకెళ్లి ఓడలను పేల్చే ఆయుధాల గురించి, మాట్లాడగలిగిందంటే ఆ బల్ల దగ్గర విన్నది కొంత కారణమని చాలామంది రాస్తారు, నాకూ అది నమ్మదగ్గదిగానే ఉంది. 1937లో ఆ ఇంటి నుంచి బయటపడింది. ఎలా బయటపడిందనేదానికి ఆమె చెప్పిన కథలే ఒకటికి మించి ఉన్నాయి, కాబట్టి ఆ జోలికి వెళ్లను. మరుసటి ఏడాది మార్చిలో హిట్లర్ సైన్యం ఆస్ట్రియాలోకి వచ్చింది. వెనక్కి వెళ్లే ఊరు లేకుండా పోయింది.

ఏడేళ్ల కాంట్రాక్టు

లండన్‌లో ఆమె హాలీవుడ్ స్టూడియో ఎం.జి.ఎం. అధిపతి లూయిస్ బి. మేయర్‌ను కలిసింది. యూరప్ నుంచి నటీనటులను చవగ్గా ఏరుకుపోవడానికి ఆయన వచ్చాడు. వారానికి 125 డాలర్లు ఇస్తానన్నాడు. ఆమె వద్దంది. తర్వాత ఆయన తిరుగు ప్రయాణం చేస్తున్న నార్మండీ ఓడలోనే టికెట్టు సంపాదించి ఎక్కింది. ఓడ న్యూయార్క్ చేరేసరికి బేరం వారానికి 500 డాలర్లకి, ఏడేళ్ల కాంట్రాక్టుకి తెగింది. ఇంగ్లీషు అంతంతమాత్రంగా వచ్చిన, ఇరవై మూడేళ్లు కూడా నిండని అమ్మాయి, చేతిలో వేరే ఆఫరు లేకుండా రేటును నాలుగు రెట్లు చేయించింది. బేరాలాడటం నేర్పే క్లాసులో చెప్పదగ్గ ఉదాహరణ ఇది.

కానీ రేటు ఒక్కటే ఆమె చేతిలో ఉంది. మిగతా షరతులన్నీ అచ్చయిన ఫారంలో ఉన్నవే. మొదట పేరు పోయింది. కీస్లర్ అంటే ‘ఎక్‌స్టసీ’ గుర్తొస్తుందని, 1926లో చనిపోయిన మూకీ తార బార్బరా లా మార్ పేరు నుంచి ‘లమార్’ తీసి తగిలించారు. ఇక ఏడేళ్ల కాంట్రాక్టు అంటే ఏడేళ్ల ఉద్యోగ భద్రత అనుకోకూడదు. మధ్యమధ్య గడువుల్లో కొనసాగించాలా వద్దా అనే ఆప్షన్ స్టూడియోకి ఉండేది, నటికి ఉండేది కాదు. ఇచ్చిన వేషం వద్దంటే జీతం ఆపి సస్పెండ్ చేసేవాళ్లు. ఆ ఆపిన కాలాన్ని కాంట్రాక్టు చివర కలిపేవాళ్లు, దాంతో ఏడేళ్లు ఎనిమిదయ్యేవి, తొమ్మిదయ్యేవి. ఇది చెల్లదని నటి ఒలీవియా డి హావిలాండ్ వార్నర్ బ్రదర్స్ స్టూడియో మీద దావా వేసి గెలిచింది. కాలిఫోర్నియా అప్పీలు కోర్టు తీర్పు 1944 డిసెంబరులో వచ్చింది. హెడీకి అది పనికొచ్చే కాలం అప్పటికే గడిచిపోయింది.

నటులను వేరే నిర్మాతలకి అద్దెకిచ్చే పద్ధతి కూడా ఉండేది. ఆమెను అమెరికాలో తారను చేసిన ‘అల్జీర్స్’ (1938) ఎం.జి.ఎం. సినిమా కాదు. వాల్టర్ వాంగర్ నిర్మించాడు, అరువుకి తీసుకున్నాడు. అదే పద్ధతి అటు తిరిగి కూడా కొట్టింది. ‘కాసబ్లాంకా’లో కథానాయిక పాత్రకి వార్నర్ వాళ్లు ఈమె పేరు అనుకుంటే ఎం.జి.ఎం. ఇవ్వలేదు. ఆ పాత్ర ఇంగ్రిడ్ బెర్గ్‌మన్‌కి వెళ్లింది. 1944లో లక్స్ రేడియో థియేటర్ ‘కాసబ్లాంకా’ను రేడియో నాటకంగా వేసినప్పుడు ఆ పాత్ర గొంతు హెడీదే. సినిమా మాత్రం చేయి దాటిపోయింది.

వేషాల జాబితా చూస్తే ఇంకో సంగతి తెలుస్తుంది. ‘లేడీ ఆఫ్ ది ట్రాపిక్స్’ (1939)లో ఆసియా, ఐరోపా రక్తం కలిసిన అమ్మాయి. ‘కామ్రేడ్ ఎక్స్’ (1940)లో రష్యన్. ‘కమ్ లివ్ విత్ మీ’ (1941)లో దేశంలో ఉండటానికి పెళ్లి కావలసి వచ్చిన వియన్నా శరణార్థి. ‘వైట్ కార్గో’ (1942)లో ఒళ్లంతా రంగు పూసి టోండెలాయో అనే పాత్ర. యాస ఉంది కాబట్టి పరాయిది, అందం ఉంది కాబట్టి ప్రమాదం. స్టూడియోకి ఆ రెండు ముక్కలు చాలు. అమెరికన్ ఆఫీసులో పనిచేసే మామూలు అమ్మాయిగా వేసింది ‘హెచ్. ఎం. పుల్హమ్, ఎస్క్వైర్’ (1941)లో. కింగ్ విడార్ దర్శకత్వం. ప్రకటనల సంస్థలో ఉద్యోగం చేస్తూ తన దారి తాను చూసుకునే పాత్ర. నా దృష్టిలో ఆమె మంచి నటి అని చెప్పడానికి చూపించాల్సింది ఈ సినిమానే, ‘అల్జీర్స్’ కాదు. ‘అల్జీర్స్’లో ఆమె లైటింగ్ కింద నిలబడి ఉంటుంది, అంతే.

1945లో ఎం.జి.ఎం. నుంచి బయటికొచ్చి సొంతంగా నిర్మాణంలోకి దిగింది. ‘ది స్ట్రేంజ్ వుమన్’ (1946), ‘డిస్‌హానర్డ్ లేడీ’ (1947) అలా వచ్చినవి. ఆ రోజుల్లో హీరోయిన్ నిర్మాత కుర్చీలో కూర్చోవడం అరుదు. పెద్ద హిట్ మాత్రం సెసిల్ బి. డెమిల్ తీసిన ‘శామ్సన్ అండ్ డెలైలా’ (1949). 1950లో మళ్లీ ఎం.జి.ఎం.కే ‘ఎ లేడీ వితౌట్ పాస్‌పోర్ట్’ చేసింది. అమెరికా వీసా దొరక్క హవానాలో చిక్కుకుపోయిన శరణార్థి పాత్ర. ఆమెకు అసలు అమెరికా పౌరసత్వం వచ్చింది 1953 ఏప్రిల్‌లో. 1950ల్లో ఇటలీ వెళ్లి సొంత డబ్బు పెట్టి సినిమా తీసి చేతులు కాల్చుకుంది. చివరి సినిమా ‘ది ఫీమేల్ యానిమల్’ (1958). మొత్తం ఆరు పెళ్లిళ్లు, ఆరు విడాకులు.

అసలు కాగితం

1940 సెప్టెంబరు 17న బ్రిటన్ నుంచి కెనడాకి పిల్లలను తీసుకెళ్తున్న ‘సిటీ ఆఫ్ బెనారస్’ అనే ఓడను జర్మన్ జలాంతర్గామి ముంచేసింది. బాంబు దాడుల నుంచి కాపాడటానికి పంపుతున్న 90 మంది పిల్లల్లో 77 మంది చనిపోయారు. ఆ రోజుల్లో హెడీ ఇంట్లో డ్రాయింగ్ బల్ల పెట్టుకుని ఖాళీ వేళల్లో ఏవో పరికరాలు గీస్తూ ఉండేది. జలాంతర్గాములను ఎదుర్కోవడానికి రేడియోతో నడిపే టార్పెడో మీద దృష్టి పెట్టింది.

అక్కడ చిక్కు ఏమిటంటే, ఒకే ఫ్రీక్వెన్సీ మీద సంకేతాలు పంపితే శత్రువు దాన్ని పట్టుకుని అదే ఫ్రీక్వెన్సీలో రొద నింపి జామ్ చేస్తాడు. పంపేవాళ్లూ అందుకునేవాళ్లూ ఇద్దరూ ఒకే క్షణంలో ఫ్రీక్వెన్సీ మారుస్తూ పోతే? శత్రువుకి ఎక్కడ వెతకాలో తెలియదు. ఆలోచన ఇదే. దీన్నే ఇప్పుడు ఫ్రీక్వెన్సీ హాపింగ్ అంటున్నాం.

ఇద్దరూ ఒకే క్షణంలో మార్చడం ఎలా అన్నది అసలు ఇంజనీరింగ్ సమస్య. అక్కడ జార్జ్ ఆంథైల్ వచ్చాడు. ఈయన సంగీతకారుడు. 1920ల్లో ‘బాలే మెకానీక్’ అనే రచనలో పదహారు ఆటోమేటిక్ పియానోలను ఒకే తాళంలో నడపాలని తల బద్దలు కొట్టుకున్నాడు. ఆటోమేటిక్ పియానోకి కాగితం రోల్ ఉంటుంది, దాని మీద చిల్లులుంటాయి, చిల్లు వచ్చిన చోట గాలి పోయి స్వరం మోగుతుంది. ఆ రోల్‌నే రేడియోకి తగిలించారు. ఓడలో ఒక రోల్, టార్పెడోలో అదే చిల్లులున్న ఇంకో రోల్. టార్పెడో వదిలిన క్షణంలో రెండూ ఒకేసారి కదలడం మొదలుపెడతాయి. చిల్లు ఎక్కడుంటే ఆ కెపాసిటర్ సర్క్యూట్‌లోకి వస్తుంది, ఫ్రీక్వెన్సీ మారుతుంది. పియానోకి 88 మెట్లు కాబట్టి 88 ఫ్రీక్వెన్సీల దాకా పెట్టుకోవచ్చని స్పెసిఫికేషన్‌లో, అంటే పేటెంట్ వివరణలో, రాశారు. చుక్కాని ఎడమకి తిప్పడానికి ఒక ధ్వని, కుడికి ఇంకోటి.

నాకు బాగా నచ్చే వివరం ఇంకొకటి ఉంది. బొమ్మల్లో ట్రాన్స్‌మిటర్‌కి ఏడు ఫ్రీక్వెన్సీలు చూపించారు, రిసీవర్‌కి నాలుగే. మిగతా మూడూ ఉత్తుత్తివి. వాటి మీద పంపే సంకేతాలు టార్పెడోకి అసలు అందవు, శత్రువును తప్పుదారి పట్టించడానికే. ఏళ్ల తరబడి కెమెరా ముందు నిలబడినవాళ్లకి తట్టే ఆలోచనేమో.

1940 చివర్లో ఈ ప్రతిపాదన నేషనల్ ఇన్వెంటర్స్ కౌన్సిల్‌కి వెళ్లింది. యుద్ధానికి పనికొచ్చే ఆలోచనలను ప్రజల నుంచి సేకరించే ప్రభుత్వ సంస్థ అది, అధ్యక్షుడు జనరల్ మోటార్స్ పరిశోధన విభాగం అధిపతి చార్ల్స్ కెటరింగ్. కాల్‌టెక్ ప్రొఫెసర్ శామ్యూల్ మాకియోన్ ఎలక్ట్రానిక్స్ భాగంలో సాయం చేశాడు. 1941 జూన్ 10న దరఖాస్తు పడింది. మాకియోన్ పేరు ఆవిష్కర్తల్లో లేదు, ఉండక్కర్లేదు కూడా. ఆలోచన పుట్టించినవాడు వేరు, దాన్ని వైరింగ్‌లోకి దించిపెట్టిన నిపుణుడు వేరు. మన దగ్గర కాలేజీ ప్రాజెక్టుల దరఖాస్తుల్లో గైడు పేరు, ప్రిన్సిపాల్ పేరు, ఒక్కోసారి కరస్పాండెంట్ పేరు కూడా ఆవిష్కర్తల జాబితాలో చేర్చమంటారు. వాళ్లకి ఈ ఫైలు చూపించాలనిపిస్తుంది.

ఇక క్లెయిములు. పేటెంట్‌లో మొత్తం కథ చెప్పేది స్పెసిఫికేషన్ అయినా, హక్కు ఎంతవరకో చెప్పేది క్లెయిమే. చాలామంది పియానో రోల్ బొమ్మ చూసి పేటెంట్ పియానో రోల్‌కే పరిమితం అనుకుంటారు. మొదటి క్లెయిములో రోల్ ప్రస్తావనే లేదు. ట్రాన్స్‌మిటర్, రిసీవర్ రెండింటి ట్యూనింగ్‌ను ఒకేసారి, ఇష్టానుసారం పెట్టుకున్న, తిరిగి పునరావృతం కాని వరుసలో మార్చే పద్ధతి, అంతే. కాగితం పట్టీలు తర్వాతి క్లెయిముల్లో వస్తాయి. రాసినవాళ్లకి పని తెలుసు. ఏ యంత్రంతో చేసినా తగిలేలా మొదటిది వెడల్పుగా రాసి, తర్వాతివి ఇరుకుగా రాశారు.

కానీ వెడల్పుగా రాస్తే పాతవాటికి తగిలే ప్రమాదం కూడా ఉంటుంది. నికోలా టెస్లాకి 1903 నాటికే ఒకటికి మించిన ఫ్రీక్వెన్సీలు వాడే రేడియో కంట్రోల్ మీద పేటెంట్లున్నాయి. నెదర్లాండ్స్‌కి చెందిన విల్లెం బ్రూర్‌ట్యెస్‌కి రహస్య సంకేతాల కోసం ఫ్రీక్వెన్సీలు మారుస్తూ పంపే పద్ధతి మీద 1932లో అమెరికా పేటెంట్ వచ్చింది. నేనే అవతలి పక్షం తరఫున ఉంటే మొదటి క్లెయిమును కొట్టేయించడానికి బ్రూర్‌ట్యెస్ కాగితంతోనే మొదలుపెడతాను. హెడీ పక్షంలో ఉంటే ‘పునరావృతం కాని’ అన్న షరతును పట్టుకుని వేలాడతాను. ఆమెకు ఆ పాత పేటెంట్లు తెలిసి ఉంటాయని అనుకోవడానికి నాకు ఆధారం కనిపించలేదు. తెలియకపోయినా ప్రయర్ ఆర్ట్ (అప్పటికే బయటికొచ్చిన ఆవిష్కరణ) ప్రయర్ ఆర్టే.

దరఖాస్తు పడ్డ నాలుగు నెలలకి, 1941 అక్టోబరులో, న్యూయార్క్ టైమ్స్‌లో హెడీ లమార్ ఆవిష్కరణ గురించి వార్త వచ్చింది. రక్షణకి ఎంతో కీలకం కాబట్టి వివరాలు చెప్పలేమని కౌన్సిల్ అధికారి అన్నాడు. ఈ వార్త వల్లే ‘పేటెంట్‌ను రహస్యంగా దాచేశారు, దశాబ్దాలపాటు బయటపెట్టలేదు’ అనే మాట పుట్టిందనుకుంటాను. 1940 చట్టం ప్రకారం రహస్యంగా ఉంచాలనుకున్న దరఖాస్తుకి పేటెంట్ ఇవ్వకుండా ఆపేస్తారు. ఇది పద్నాలుగు నెలల్లో మంజూరై అచ్చయింది. అచ్చయిన పేటెంట్‌ను రుసుము కట్టి ఎవరైనా తెప్పించుకోవచ్చు.

నేవీ మాత్రం వద్దంది. టార్పెడోలో పట్టనంత పెద్దదని కారణం. శీర్షికలోనో వివరణలోనో పియానో అనే మాట లేకపోతే అధికారులు ఇంకాస్త ఓపిగ్గా చదివేవాళ్లేమోనని ఆంథైల్ తర్వాత వాపోయాడు. అందులో నిజముంది. స్పెసిఫికేషన్ రాసేటప్పుడు ఉదాహరణ ఎంచుకోవడం చిన్న విషయం కాదు. కానీ ఇంకో పక్క, అప్పటి అమెరికా టార్పెడోలు తగిలినా పేలని స్థితిలో ఉండి నేవీ తల పట్టుకుని ఉంది. ఆ సమయంలో రేడియోతో నడిపే కొత్త రకం తెచ్చినవాళ్లు ఐన్‌స్టీన్, ఎడిసన్ అయినా వినేవాళ్లు కాదని నా అనుమానం. హెడీ యుద్ధ బాండ్లు అమ్మింది, హాలీవుడ్ క్యాంటీన్‌లో సైనికుల మధ్య తిరిగింది. ప్రభుత్వానికి ఆమె మొహం పనికొచ్చింది.

వైఫై సంగతి

ఇప్పుడు వాట్సాప్ మాటకొద్దాం. బ్లూటూత్‌లో ఫ్రీక్వెన్సీ హాపింగ్ నిజంగానే ఉంది. 79 చానళ్ల మధ్య సెకనుకి 1600 సార్లు గెంతుతుంది. 1997లో వచ్చిన మొదటి వైఫై ప్రమాణంలో హాపింగ్ ఒక ఐచ్ఛికంగా ఉంది, కానీ ఇళ్లలోకి వచ్చిన వైఫై ఆ దారిన పోలేదు. మొదట డైరెక్ట్ సీక్వెన్స్, తర్వాత ఓఎఫ్‌డీఎం అనే వేరే పద్ధతులు పట్టుకుంది. జీపీఎస్‌లో హాపింగ్ లేనే లేదు. కాబట్టి ‘వైఫై, జీపీఎస్, బ్లూటూత్ మూడింటి తల్లి’ అనే మాటలో నిలిచేది మూడోది, అది కూడా దూరపు చుట్టరికమే. మధ్యలో రెండో ప్రపంచ యుద్ధం నాటి రహస్య సైనిక ప్రాజెక్టులు, 1950ల పరిశోధన చాలా ఉన్నాయి. అవన్నీ ఈ ఒక్క పేటెంట్ నుంచి దిగలేదు.

ఇలా అంటే కొందరికి ఆమె గొప్పతనం తగ్గించినట్టు అనిపిస్తుంది. నాకు అలా అనిపించదు. ఇంజనీరింగ్ చదవని ఇద్దరు, దేశం యుద్ధంలోకి దిగకముందే దరఖాస్తు వేసి, పనిచేసే సూత్రంతో, వెడల్పయిన మొదటి క్లెయిముతో పేటెంట్ తెచ్చుకున్నారు. ఇది చాలు. లేనిది అంటగడితే ఉన్నది చూడటం మానేస్తారు.

డబ్బు ఎందుకు రాలేదు

అప్పటి అమెరికా చట్టంలో పేటెంట్ గడువు మంజూరైన రోజు నుంచి 17 ఏళ్లు. అంటే 1959 ఆగస్టులో ముగిసింది. బ్లూటూత్ వచ్చింది 1990ల చివర. మధ్యలో నలభై ఏళ్ల ఖాళీ. ఏ ఫోను కంపెనీ కూడా ఆమెకి రాయల్టీ ఎగ్గొట్టే అవకాశమే లేదు, ఎందుకంటే ఇవ్వాల్సిన బాకీ అప్పటికి లేదు.

ఎగ్గొట్టిన వాళ్లంటూ ఉంటే అది ప్రభుత్వమే కావాలి. 1950ల్లో నేవీ కోసం కంపెనీలు చేసిన పరికరాల్లో ఈ ఆలోచన వాడారని చెబుతారు. 1962లో క్యూబా దిగ్బంధం నాటికి కొన్ని నౌకల మీద హాపింగ్ పరికరాలున్నాయని ఆమె గురించి రాసేవాళ్లు ప్రతిసారీ చెప్పే మాట. 1962 అంటే గడువు తీరి మూడేళ్లు, అది లెక్కలోకి రాదు. 1959కి ముందు వాడి ఉంటే? అప్పుడు ఒక దారి ఉంది. అమెరికా ప్రభుత్వం తన అవసరానికి ఎవరి పేటెంట్ అయినా వాడుకోవచ్చు. ఆపమని ఇంజంక్షన్ దొరకదు. కానీ తగిన పరిహారం కోసం వాషింగ్టన్‌లోని కోర్ట్ ఆఫ్ క్లెయిమ్స్‌లో దావా వేయవచ్చు, వాడిన ఆరేళ్లలోపు. చివరి రోజు దాకా వాడారనుకున్నా 1965తో ఆ తలుపు మూసుకుంటుంది. సైనిక పరికరంలో ఏముందో బయటివాళ్లకి తెలియదు. ఆంథైల్ 1959 ఫిబ్రవరిలోనే చనిపోయాడు. హెడీ అప్పటికి సినిమాల్లోంచి తప్పుకుని విడాకుల వ్యవహారంలో ఉంది. ఎవరు కనిపెడతారు, ఎవరు దావా వేస్తారు?

1990లో ఫోర్బ్స్ పత్రిక ఇంటర్వ్యూలో, తనకు ఒక ఉత్తరం గానీ, కృతజ్ఞత గానీ, డబ్బు గానీ రాలేదని ఆమె బాధపడింది. ఉత్తరం, కృతజ్ఞత గురించి ఆమె మాట వంద శాతం సబబు. 1997లో ఎలక్ట్రానిక్ ఫ్రాంటియర్ ఫౌండేషన్ అనే డిజిటల్ హక్కుల సంస్థ ఆమెకీ ఆంథైల్‌కీ పయనీర్ అవార్డు ఇచ్చింది, ఆమె కొడుకు వెళ్లి తీసుకున్నాడు. ఆ మరుసటేడు కెనడాకి చెందిన వైలాన్ అనే వైర్‌లెస్ కంపెనీ తన షేర్లు కొన్ని ఆమెకిచ్చి ఈ పేటెంట్‌లో 49 శాతం వాటా తీసుకుంది. గడువు తీరి 39 ఏళ్లయిన పేటెంట్‌లో 49 శాతం చట్టప్రకారం సున్నాలో 49 శాతం. వాళ్లు కొన్నది ఆమె పేరు. నాకు తెలిసినంతలో ఈ పేటెంట్ పుణ్యమా అని ఆమెకి దక్కిన ప్రతిఫలం అదొక్కటే.

మొహం మీద హక్కు

ఈ చివరి భాగాన్ని చాలామంది ముసలితనపు చాదస్తం కింద కొట్టేస్తారు. నాకు మాత్రం ఫైలులో ఇది తక్కువ ముఖ్యం కాదు.

1966లో ఆమె పేరుతో ఆత్మకథ వచ్చింది. రాసింది అద్దె రచయితలు. అందులోవి చాలావరకు కల్పితాలని ఆమె కోర్టుకెక్కింది, పుస్తకం ఆపలేకపోయింది. ఒప్పందం మీద సంతకం ఉంది కదా. 1974లో మెల్ బ్రూక్స్ సినిమా ‘బ్లేజింగ్ శాడిల్స్’లో హెడ్లీ లమార్ అనే పాత్ర వచ్చింది, పేరును ఎవరో ఒకరు తప్పుగా పలకడం, ఆయన సరిదిద్దడం అందులో నడిచే జోకు. ఆమె కోటి డాలర్లకి దావా వేసింది. కోర్టు బయట చిన్న మొత్తానికి రాజీ అయింది.

తర్వాతిది మన డీటీపీ సెంటర్లవాళ్లకి దగ్గరి విషయం. 1990ల చివర పెళ్లి శుభలేఖలు, కరపత్రాలు చేసిన ప్రతి షాపులో కోరెల్‌డ్రా ఉండేది. అప్పటి ఎనిమిదో వెర్షన్ డబ్బా మీద, ప్రోగ్రాం తెరిచినప్పుడు తెర మీద ఒక అందమైన ఆడమనిషి మొహం కనిపించేది. ఎవరో మోడల్ అనుకునేవాళ్లం. అది హెడీ లమార్. కోరెల్ కంపెనీ పెట్టిన డిజైన్ పోటీలో గెలిచిన బొమ్మ. గీసినాయన కోరెల్‌డ్రాతోనే గీశాడు, బొమ్మ మీద కాపీరైటు ఆయనది. కానీ మొహం? 1998లో, ఎనభై మూడేళ్ల వయసులో, ఫ్లోరిడాలో ఒంటరిగా ఉంటున్న ఆమె కోరెల్ మీద దావా వేసింది. కంపెనీ రాజీకొచ్చింది, ఎంత ఇచ్చిందో బయటపెట్టలేదు.

కాపీరైటు ఒకరిది, పోలిక ఇంకొకరిది అనే తేడా ఇప్పుడు మన దగ్గర కూడా రోజూ వస్తోంది. 2025లో నాగార్జున ఢిల్లీ హైకోర్టుకి, చిరంజీవి హైదరాబాద్ సిటీ సివిల్ కోర్టుకి వెళ్లి తమ పేరు, ఫోటో, గొంతు అనుమతి లేకుండా వాడకుండా ఉత్తర్వులు తెచ్చుకున్నారు. వాళ్లకి అడ్వకేట్లున్నారు, మార్కెట్ ఉంది, కోర్టుకి వెళ్లిన నాటికి ఇంకా స్టార్లుగానే ఉన్నారు. 1937లో స్టూడియో ఫారం మీద సంతకం పెట్టిన వలస అమ్మాయికి ఈ హక్కుకి ఒక పేరు కూడా లేదు. అమెరికా కోర్టు మొదటిసారి దాన్ని పబ్లిసిటీ హక్కు అని పిలిచింది 1953లో, బేస్‌బాల్ ఆటగాళ్ల ఫోటోల మీద బబుల్‌గమ్ కంపెనీల తగాదాలో.

హెడీ లమార్ 2000 జనవరి 19న ఫ్లోరిడాలోని కాసెల్‌బెరీలో చనిపోయింది. ఫ్లోరిడా చట్టం ప్రకారం మనిషి పోయాక కూడా 40 ఏళ్లపాటు ఆ మొహాన్ని, పేరును వ్యాపారానికి వాడుకోవాలంటే వారసుల అనుమతి కావాలి. కాబట్టి ఈ నటి బొమ్మతో ఏదైనా ప్రకటన చేద్దామని వచ్చే క్లయింటుకి నేను చెప్పేది ఇదీ: 2,292,387లో ఉన్న యంత్రాన్ని నిక్షేపంగా తయారు చేసి అమ్ముకోండి, ఎవరూ అడగరు. డబ్బా మీద ఆమె ఫోటో వేయాలంటే మాత్రం 2040 దాకా లైసెన్స్ తీసుకోవాలి.